అద్దె ఇంట్లో చేపల తొట్టె: గ్లాసు పాతదైనా పర్లేదు, తొందర మాత్రం వద్దు

"సొంతిల్లు కొనుక్కున్నాక చూద్దాంలే." బెంగుళూరులో మన తెలుగు ఇళ్ళల్లో ఈ మాట వినని వాళ్ళుండరు. తులసికోట పెట్టాలన్నా, వీణ కొనాలన్నా, కుక్కపిల్లని తెచ్చుకోవాలన్నా అదే సమాధానం. ఉద్యోగానికని వచ్చి, మారతహళ్ళిలోనో కేఆర్ పురంలోనో అద్దెకు దిగి, 11 నెలల అగ్రిమెంటు మీద అగ్రిమెంటు రాసుకుంటూ పదేళ్ళు గడిపేస్తారు. ఈలోపు పిల్లలు పెద్దవాళ్ళయిపోతారు. వాళ్ళ చిన్ననాటి ముచ్చట్లు మన గృహప్రవేశం దాకా ఆగవు కదండీ.

అందుకే ఈసారి చేపల తొట్టె గురించి రాస్తున్నాను. మన చుట్టాల్లోనే ఈ మధ్య ముగ్గురు అడిగారు: "ఆన్‌లైన్‌లో పాత అక్వేరియం చవగ్గా పెట్టారు, తీసుకోమంటారా? అద్దె ఇల్లు కదా, ఓనరేమంటాడో?" నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తీసుకోండి. పాతదే తీసుకోండి. రెండడుగులు మించింది వద్దు. ఓనరుకి చెప్పే పెట్టండి. చేపల్ని మాత్రం అన్నిటికన్నా ఆఖర్న తెండి, అదీ నెల రోజులు ఆగి. ఈ మాటలు ఎందుకంటున్నానో కింద రాస్తున్నాను. ఒప్పుకోని వాళ్ళు ఈసారి పెళ్ళిలో కలిసినప్పుడు దెబ్బలాడొచ్చు.

పాతదే ఎందుకు?

బెంగుళూరు బదిలీల ఊరు. ఒకరు పుణే వెళ్తారు, ఒకరు అమెరికా వెళ్తారు, ఒకరు ఇల్లు మారతారు. వెళ్ళేటప్పుడు మంచాలూ సోఫాలూ అయినా లారీ ఎక్కుతాయి గానీ, చేపల తొట్టె ఎక్కదు. అందుకే ఈ ఊళ్ళో సెకండ్ హ్యాండ్ తొట్టెలకి కరువు లేదు. కొత్తదానికి పెట్టే డబ్బులో సగం కూడా పెట్టక్కర్లేదు. గ్లాసు అరిగిపోయే వస్తువు కాదు. పగుల్లేని గ్లాసు ఇరవై ఏళ్ళయినా గ్లాసే. అరిగేది, ఎండేది, ఊడేది ఆ పలకల్ని పట్టుకునుండే సిలికాన్.

కాబట్టి చూడాల్సింది మూలల్ని. పగలు, వెలుతురులో వెళ్ళి చూడండి. సిలికాన్ అంచు గోరుతో లాగితే పొరలా లేస్తోందా? లోపల గాలి బుడగలు కనపడుతున్నాయా? గ్లాసు మూలల్లో పెచ్చు లేచిందా? లోపలివైపు నీటి మట్టం దగ్గర తెల్లటి ఉప్పు గార ఉంటే భయపడక్కర్లేదు, అది మన బోరు నీళ్ళ మహిమ. వెనిగర్ గుడ్డతో పోతుంది. అదే తెల్ల గార మూల బయటివైపు సన్నటి గీతలా కిందికి దిగి ఉంటే మాత్రం అక్కడినుంచి నీళ్ళు ఎప్పటినుంచో చెమర్చుతున్నాయని అర్థం. అమ్మేవాళ్ళకి కూడా తెలిసి ఉండకపోవచ్చు. పగులున్నా, పెచ్చు లేచినా, బయట గార గీత కనిపించినా దణ్ణం పెట్టి వచ్చేయండి. పదేళ్ళు దాటిన తొట్టెనీ, ఏళ్ళ తరబడి బాల్కనీ ఎండలో ఖాళీగా పడున్న తొట్టెనీ అనుమానంగానే చూడాలి.

"కొంచెం కారితే ఏముంది, సిలికాన్ ట్యూబు తెచ్చి పూసేస్తాం" అంటారు కొందరు. పాత సిలికాన్ మీద కొత్తది అంటుకోదు. మొత్తం బ్లేడుతో గీకి, శుభ్రం చేసి, మళ్ళీ వెయ్యాలి. అదికూడా బాత్‌రూమ్ కోసం అమ్మే బూజు పట్టని రకం పనికిరాదు. అందులో కలిపే మందు చేపల్ని చంపుతుంది. అద్దె ఇంట్లో, మొదటిసారి పెట్టేవాళ్ళు ఈ పని నెత్తినేసుకోవద్దు. కారని తొట్టె దొరికేదాకా ఆగితే సరిపోతుంది.

ఇంకో నియమం: గ్లాసు పాతది కొనండి, కరెంటు సామాను కొత్తది కొనండి. తొట్టెతో పాటు వచ్చిన హీటరు, పంపు, లైటు మూత ఎంత బాగా కనపడినా వాడొద్దు. నీళ్ళూ కరెంటూ కలిసే చోట మిగిల్చే నాలుగొందలు మనకి ఎందుకూ పనికిరావు.

ఇంటికి తెచ్చాక

తెచ్చిన రోజే హాల్లో పెట్టి నింపకండి. ముందు యుటిలిటీలో, నీళ్ళు పోయే జాలి ఉన్న చోట, చదునైన నేల మీద థర్మోకోల్ షీటు వేసి పెట్టండి. చుట్టూ పాత న్యూస్ పేపరు పరచండి. మూడో వంతు నింపి కొన్ని గంటలు ఆగండి. తర్వాత మూడింట రెండొంతులు, ఆ తర్వాత పూర్తిగా. నీటి మట్టం దగ్గర టేపు ముక్క అతికించి రెండు మూడు రోజులు వదిలెయ్యండి. పేపరు ఎక్కడ తడిసినా తెలిసిపోతుంది. ఆ నీళ్ళని పారబొయ్యకుండా ఇల్లు తుడవడానికి వాడుకోండి. 2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ వాళ్ళు తాగునీటితో కార్లు కడిగినా, తోటకి పెట్టినా 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఈ ఊళ్ళో బకెట్టు నీళ్ళకి కూడా లెక్క ఉండాలి.

కడిగేటప్పుడు సబ్బు, సర్ఫు, విమ్ ఏదీ ముట్టించొద్దు. పాత తొట్టెలో చేపలు రోగంతో చచ్చిపోయాయని తెలిసినా, ఎందుకు అమ్ముతున్నారో సరిగ్గా చెప్పకపోయినా, బ్లీచింగు కలిపిన పల్చటి నీళ్ళతో కడిగి, చాలాసార్లు మంచినీళ్ళతో జాడించి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనివ్వండి. పాత గులకరాళ్ళు, ప్లాస్టిక్ మొక్కలు పారేసి కొత్తవి తెచ్చుకోవడం మేలు.

బరువు లెక్క, వాస్తు లెక్క

లీటరు నీళ్ళు కిలో. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో అంచుదాకా పోస్తే సుమారు 56 లీటర్లు పడతాయి. గ్లాసు, గులకరాళ్ళు కలిపితే 80 కిలోల దాకా. అంటే ఒక భారీ మనిషి. మామూలు అపార్టుమెంటు స్లాబుకి ఇదొక లెక్క కాదు, పుస్తకాలు నిండిన బీరువా ఇంతకన్నా బరువుంటుంది.

అదే నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకోండి. 250 లీటర్లు దాటుతుంది. స్టాండుతో కలిపి 330 కిలోల పైమాటే. నలుగురైదుగురు మనుషులు రాత్రీ పగలూ కదలకుండా ఒకే మూల నిలబడ్డట్టు. మన దేశంలో ఇళ్ళ గదుల్ని చదరపు మీటరుకి 200 కిలోల చొప్పున వాడకపు బరువు మోసేలా లెక్కకడతారు. అంతకు మించితే వెంటనే కూలిపోతుందని కాదు, స్లాబు ఆ బరువుని పంచుకుంటుంది. కానీ ఆ లెక్క చూడాల్సింది ఇంజినీరు. బిల్డింగు మనది కాదు, డ్రాయింగులు మన దగ్గర ఉండవు. అందుకే అద్దె ఇంట్లో రెండడుగులు చాలంటాను.

ఎక్కడ పెట్టాలి? గోడ పక్కన, కింద దూలం వచ్చే చోట. గది మధ్యలో వద్దు. బాల్కనీలో అసలు వద్దు. అక్కడ ఎండకి నీళ్ళు పచ్చబడతాయి, వేడెక్కుతాయి, పైగా బాల్కనీ బయటికి పొడుచుకొచ్చిన స్లాబు. కింద పెట్టే బల్ల తొట్టె కోసం చేసిందే అయ్యుండాలి. చెక్కపొట్టు బోర్డుతో చేసిన టీవీ స్టాండు తడిస్తే ఉబ్బి ఒంగిపోతుంది. మేస్త్రీల రసమట్టం ఒకటి తెచ్చి బల్ల నాలుగువైపులా సమంగా ఉందో లేదో చూడండి. ఒక మూల ఎత్తుగా ఉంటే గ్లాసు మీద ఒత్తిడి ఒకవైపే పడుతుంది. బల్లకీ తొట్టెకీ మధ్య థర్మోకోల్ షీటు మర్చిపోవద్దు.

ఇక వాస్తు. మన పెద్దవాళ్ళు ఈశాన్యం అంటారు. ఈశాన్యంలో గోడ ఉండి, ఎండ పడకుండా, ప్లగ్గు దగ్గరుంటే సంతోషంగా అక్కడే పెట్టండి. ఆ మూల ఎండ పడే కిటికీ కిందో, నడిచే దారికి అడ్డంగానో వస్తే మాత్రం పెద్దవాళ్ళకి నచ్చజెప్పాల్సిందే. చేప చచ్చిపోతే వచ్చే అరిష్టం కన్నా దిక్కు మారితే వచ్చేది పెద్దది కాదని మా అత్తయ్యతో అన్నాను. ఆవిడ ఒప్పుకున్నారు, ఒక్క నిమిషం ఆలోచించాకే లెండి.

ఓనరుకి ఎందుకు చెప్పాలి

ఇక్కడే చాలామంది నాతో విభేదిస్తారు. "చెప్తే వద్దంటాడు. చెప్పకపోతే ఎవరికీ తెలీదు" అని. నిజమే, వద్దనే ఓనర్లున్నారు. కానీ ఆలోచించండి. బెంగుళూరులో అడ్వాన్సు అంటే ఇప్పటికీ చాలాచోట్ల ఐదారు నెలల అద్దె, ఒకప్పుడైతే పది నెలలు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండు నెలలు మించొద్దని చెప్పింది గానీ, మన చేతికిచ్చే అగ్రిమెంటులో రాసుండేది వేరు. అంత డబ్బు ఆయన దగ్గరుండగా, హాల్లో టైలు ఉబ్బితేనో, గోడ రంగు పొంగితేనో, మొదటి మాట "మీరు చెప్పకుండా పెట్టారు" అనే వస్తుంది. చెప్పి పెట్టినవాడు నష్టపరిహారం గురించి మాట్లాడతాడు. చెప్పకుండా పెట్టినవాడు సంజాయిషీ ఇచ్చుకుంటాడు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.

పెద్ద ఉత్తరం అక్కర్లేదు, వాట్సాప్‌లో నాలుగు ముక్కలు చాలు: "సార్, హాల్లో రెండడుగుల చేపల తొట్టె పెట్టాలనుకుంటున్నాం. నీళ్ళతో కలిపి 80 కిలోల లోపే. గోడకి మేకులు కొట్టం. కింద ప్లాస్టిక్ షీటు వేస్తాం. నీళ్ళ వల్ల ఏదైనా పాడైతే బాగు చేయించే పూచీ మాది. మీకు అభ్యంతరం లేదు కదా?" బరువు అంకె రాయడం ముఖ్యం. ఓనర్లు భయపడేది పెద్ద తొట్టెని ఊహించుకునే. ఆయన "సరే" అన్న మెసేజి జాగ్రత్తగా దాచుకోండి. వద్దంటే? వద్దు. ఆ ఇంట్లో పెట్టకండి. ఇల్లు ఆయనది.

ఓనరు కన్నా ముఖ్యమైనవాళ్ళు కింది ఫ్లాటువాళ్ళు. అపార్టుమెంట్లలో వాటర్‌ప్రూఫింగ్ సాధారణంగా బాత్‌రూముల్లో, యుటిలిటీలో, మేడ మీద చేస్తారు. హాల్లో ఎవరూ చెయ్యరు. అక్కడ 50 లీటర్లు ఒక్కసారి ఒలికితే టైల్స్ సందుల్లోంచి దిగి, కింది వాళ్ళ సీలింగులోకీ, ఫ్యాను హుక్కు దగ్గరికీ పోతాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఇలా తొట్టె పగిలి, కింద ఉన్న ముసలి దంపతుల పూజగది సీలింగుకి మళ్ళీ రంగులేయించింది. డబ్బు సంగతి సరే, ఆ తర్వాత లిఫ్టులో ఎదురుపడ్డప్పుడు ముఖం చూపించుకోలేకపోయారు. మన ఊరు కాని ఊళ్ళో పక్కింటివాళ్ళే మన చుట్టాలు. వాళ్ళతో తగువు తెచ్చే వస్తువు ఎంత అందంగా ఉన్నా ఇంట్లో ఉండకూడదు.

కరెంటు

ప్లగ్గు బోర్డు తొట్టెకి కిందా వద్దు, మరీ ఆనుకునీ వద్దు. ప్రతి వైరూ సాకెట్టు కన్నా కిందికి వేలాడి, మళ్ళీ పైకెక్కి ప్లగ్గులోకి వెళ్ళాలి. అప్పుడు వైరు మీద జారిన నీటి బొట్టు ఆ వంపు దగ్గరే నేల మీద రాలిపోతుంది, సాకెట్టులోకి పాకదు. ఇంటి మెయిన్ బాక్సులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి. దాని మీదున్న టెస్టు బటను నొక్కితే టక్కున పడిపోవాలి. పాత బిల్డింగుల్లో ఇది లేకపోతే ఎలక్ట్రీషియన్ని పిలిచి పెట్టించమని ఓనర్ని అడగండి. చేపలున్నా లేకపోయినా పిల్లలున్న ఇంట్లో ఉండాల్సిందే అది. తొట్టెలో చెయ్యి పెట్టేముందు హీటరు, పంపు అన్నీ ఆపాలి. హీటరు నీళ్ళల్లోంచి తీసేముందు ఆపి పావుగంట చల్లారనివ్వాలి, లేకపోతే పగులుతుంది.

గాలి పంపుని నీటి మట్టం కన్నా ఎత్తులో పెట్టండి, లేదా ట్యూబుకి నీళ్ళు వెనక్కి రానివ్వని చిన్న వాల్వు పెట్టండి. కరెంటు పోయినప్పుడు నీళ్ళు ట్యూబులోంచి వెనక్కి దిగి బోర్డు మీద పడకుండా ఉంటాయి. మన ఊళ్ళో మే నెల గాలివానకి కరెంటు పోవడం కొత్తేమీ కాదు కదా.

నెల రోజులు ఖాళీ తొట్టె

"ఇల్లు అలకగానే పండగ కాదు" అన్న సామెత చేపల తొట్టెకే పుట్టిందేమో అనిపిస్తుంది. నీళ్ళు పోశాం, పంపు ఆడుతోంది, లైటు వెలుగుతోంది, పిల్లలు గంతులేస్తున్నారు. పదండి శివాజీనగర్ అని రస్సెల్ మార్కెట్టు వైపు బయల్దేరి, సాయంత్రానికి డజను చేపలు తెచ్చేస్తారు. వారంలో ఒక్కొక్కటే తేలుతాయి. "మా చేతికి చేపలు అచ్చిరావు" అనుకుంటారు. చెయ్యి తప్పేం కాదు, నీళ్ళు ఇంకా తయారవ్వలేదంతే.

చేప వదిలే మలినం, తినకుండా మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. అమ్మోనియా చేపకి విషం. తొట్టెలో ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. అది కొద్దిగా ఉంటే ప్రమాదం లేదు, వారం వారం కాస్త నీళ్ళు మారిస్తే తగ్గిపోతుంది. ఈ బాక్టీరియా కొత్త తొట్టెలో ఉండదు. ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళ మీద మెల్లగా పెరగాలి. దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల్లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ పంపు ఆడిస్తే చాలు. టెస్టు కిట్టుతో చూస్తే మొదట అమ్మోనియా పెరిగి, తర్వాత నైట్రైటు పెరిగి, చివరికి రెండూ సున్నాకి వచ్చి నైట్రేటు మాత్రం కనపడుతుంది. ఆ రోజు తొట్టెకి గృహప్రవేశం.

పాత తొట్టె కొనడంలో అసలు లాభం ఇక్కడుంది, చాలామందికి తెలీదు. ఆడుతున్న తొట్టె, చేపలు ఆరోగ్యంగా ఉన్న తొట్టె కొంటున్నట్టయితే, అందులో విలువైనది గ్లాసు కాదు, ఆ మురికి స్పాంజి. అమ్మేవాళ్ళు మర్యాద కొద్దీ దాన్ని కుళాయి కింద తళతళలాడేలా కడిగి, ఎండబెట్టి ఇస్తారు. ఆ బాక్టీరియా అంతా క్లోరినుకీ ఎండకీ చచ్చిపోతుంది. ముందే ఫోను చేసి "స్పాంజి కడక్కండి, తొట్టె నీళ్ళలోనే తడిగా ఉంచి ఇవ్వండి" అని అడగండి. అదేరోజు ఇంటికి తెచ్చి మీ ఫిల్టర్లో పెడితే నెల పని వారం పదిరోజుల్లో అవ్వచ్చు. టెస్టు కిట్టు చూసుకునే చేపల్ని దింపండి. లీకు పరీక్ష జరిగినన్నాళ్ళూ ఆ స్పాంజిని బకెట్లో, గాలి పంపు ఆడుతున్న నీళ్ళల్లో ఉంచి చిటికెడు మేత వెయ్యాలి. రోగాలొచ్చిన తొట్టెదైతే మాత్రం ఈ సలహా వర్తించదు, ఆ స్పాంజి చెత్తబుట్టలోకే.

నీళ్ళని బట్టి చేప

మన కుళాయిలో వచ్చేది కావేరి. దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి, పల్లం నుంచి మిట్టకి పంపులతో ఎక్కించి తెస్తున్న నీళ్ళు. అందులో క్లోరిన్ ఉంటుంది. బకెట్లో పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచండి, లేదా షాపుల్లో యాంటీ-క్లోరిన్ అని అమ్మే చుక్కలు కలపండి. 2024 అక్టోబరులో కావేరి ఐదో దశ మొదలయ్యాక శివారు ప్రాంతాలకీ ఆ నీళ్ళు వస్తున్నాయి గానీ, చాలా అపార్టుమెంట్లలో ఇప్పటికీ కావేరి, బోరు, ట్యాంకరు మూడూ ఒకే సంపులో కలుస్తాయి. బోరు నీళ్ళల్లో ఉప్పులెక్కువ. అందుకని ముందు మీ నీళ్ళు ఎలాంటివో చూసుకుని, దానికి తగ్గ చేపని తెచ్చుకోండి. నచ్చిన చేపని ముందు తెచ్చి, ఆనక నీళ్ళని దానికి తగ్గట్టు మార్చుకుందాం అనుకోవడం తలకిందుల పని. గప్పీలు, మాలీలు, ప్లాటీలు ఉప్పు నీళ్ళని తట్టుకుంటాయి. నియాన్ టెట్రాలు మెత్తటి నీళ్ళు కోరుకుంటాయి. ఉత్తి ఆర్వో నీళ్ళు పోసేయడం కూడా తప్పే, చేపకి కావాల్సిన ఖనిజాలు అందులో ఉండవు.

ఇంకో సంగతి, చలి. తెనాలిలోనో రాజమండ్రిలోనో తొట్టెకి హీటరు మాటే రాదు. ఇక్కడ డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు 15 డిగ్రీల దగ్గరికి పడతాయి. చాలా రంగు చేపలకి 24 నుంచి 27 డిగ్రీలు కావాలి. హీటరు వద్దనుకునేవాళ్ళకి నా సలహా జీబ్రా చేప. ఒంటి మీద నీలం చారలు, ఎప్పుడూ చలాకీగా తిరుగుతుంటుంది. మన దేశపు వాగుల్లో పుట్టిందే, చల్లటి నీళ్ళూ తట్టుకుంటుంది. ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు దీని మీదే పరిశోధనలు చేస్తాయి. రెండడుగుల తొట్టెలో ఆరేడు హాయిగా బతుకుతాయి.

గోల్డ్ ఫిష్ వద్దా అంటే, ఈ తొట్టెకి వద్దు. అది అరచేతి కన్నా పెద్దదవుతుంది, మలినమూ ఎక్కువ. గుండ్రటి గాజు గిన్నెలో పెట్టి అమ్మేది చూడ్డానికి బావుంటుంది, అందులో దానికి మాత్రం నరకం. "సక్కర్ వేస్తే గ్లాసు శుభ్రంగా ఉంటుంది" అని షాపువాళ్ళు అంటగట్టే నల్ల చేప అడుగు దాటి పెరుగుతుంది. అదీ వద్దు.

ఊరెళ్ళినా, ఇల్లు మారినా

సంక్రాంతికి పదిరోజులు ఊరెళ్తాం, చేపల సంగతేంటి? ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు వారం రోజులు మేత లేకపోయినా బతుకుతాయి. వాటిని చంపేది ఆకలి కాదు, జాలిపడి డబ్బాలో సగం ఒంపేసే మనిషి. పక్కింటి వాళ్ళకి మేత డబ్బా ఇవ్వకండి. ఒక్కో పూటకి ఒక్కో కాగితం పొట్లం కట్టి, మూడ్రోజులకోటి చొప్పున మూడే మూడు ఇవ్వండి. కరెంటు పోతే ఏ స్విచ్చి చూడాలో చెప్పి, మీ నంబరు తొట్టె మీద అతికించండి. వచ్చేటప్పుడు వాళ్ళకి అరిసెలు తేవడం మర్చిపోవద్దు.

ఇల్లు మారేటప్పుడు నీళ్ళతో తొట్టెని ఎప్పుడూ ఎత్తకూడదు, అడుగున నాలుగు వేళ్ళ నీళ్ళున్నా, గులకరాళ్ళున్నా సరే. చేపల్ని పాత నీళ్ళతో మూతున్న బకెట్లోకి, స్పాంజిని అదే నీళ్ళతో ఇంకో డబ్బాలోకి తియ్యాలి. ఖాళీ తొట్టె మన కార్లో రావాలి, లారీలో కాదు. కొత్తింట్లో మొదట పెట్టాల్సింది పాల గిన్నె, రెండోది చేపల తొట్టె.

వద్దనుకున్న రోజు

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. ఏదో ఒక రోజు తొట్టె వద్దనిపించొచ్చు. అప్పుడు చేపల్ని చెరువులో వదిలేస్తే పుణ్యం అనుకుంటారు మనవాళ్ళు. అది పుణ్యం కాదు. ఇందాక చెప్పిన సక్కర్ దక్షిణ అమెరికా చేప. అక్వేరియంల ద్వారా మన దేశానికొచ్చి, నీళ్ళల్లో పడి, ఇప్పుడు మన తెలుగు నేలంతా పాకుతోంది. పేపర్లలో దెయ్యం చేప అని రాసేది దీన్నే. ముళ్ళతో వలలు చింపుతుంది, గట్లలో బొరియలు చేస్తుంది, తినడానికి ఎవరూ కొనరు. హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటి నమూనాల్లో దొరికే డీఎన్ఏని బట్టి ఈ చేప జాడ పట్టే పద్ధతి తయారుచేసి, తూర్పు కనుమల జలవనరుల్లో ఇది ఎంతగా పాకిందో చూపించారు. మన ఊళ్ళో చెరువు మీద బతికే రైతు వల చిరగడానికి, ఎక్కడో ఒక నగరంలో ఎవరో "పోనీలే పాపం" అని వదిలిన చేప కారణమైతే ఆ పుణ్యం మనకెందుకు? చేపల్ని తిరిగి షాపుకివ్వండి, లేదా తొట్టె ఉన్న ఇంకో ఇంటికివ్వండి.

ఖాళీ తొట్టెని మేడ మీద పడెయ్యడమూ తప్పే. వాననీళ్ళు నిలిచి డెంగీ దోమలకి పుట్టిల్లవుతుంది. 2024లో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించి, దోమలు పెరిగేలా నీళ్ళు నిలవుంచేవాళ్ళకి జరిమానాలు పెట్టింది. తొట్టె వద్దంటే బోర్లించి, ఆరబెట్టి, ఇంకొకరికి అమ్మండి. మనకి వచ్చినట్టే ఇంకో ఇంటికి వెళ్తుంది.

"ఇంత తతంగం ఉంటే అసలెందుకూ?" అంటాడు మా బాబాయ్. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. ఒక ప్రాణిని గాజు పెట్టెలో పెట్టడం తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. తతంగం వద్దనుకునేవాళ్ళు పెట్టకపోవడమే మంచిది, అందులో నామోషీ ఏమీ లేదు. కానీ మన తాతల ఇళ్ళల్లో బావిలో చేపలుండేవి. దోమపిల్లల్ని తింటాయని, నీళ్ళు బావుంటాయని పెంచేవారు. చేదతో నీళ్ళు తోడేటప్పుడు చేప బకెట్లోకి వస్తే, మళ్ళీ బావిలో వదిలాకే నీళ్ళు లోపలికి తీసుకెళ్ళేవారు. ఎవరూ చెప్పకుండానే పిల్లలకి ఒక సంగతి తెలిసేది: ఇంట్లో మనతో పాటు ఇంకో ప్రాణం ఉంది, దాని అవసరం కూడా చూడాలి. మూడో అంతస్తు అద్దె ఫ్లాటులో బావి లేదు, పెరడు లేదు. 50 లీటర్ల తొట్టె పెట్టొచ్చు. అది కూడా నెల రోజులు ఖాళీగా ఆడుతుంటే, "ఇవాళ్టికైనా చేపలు తెద్దామా?" అని రోజూ అడిగే పిల్లకి "ఇంకా నీళ్ళు తయారవ్వలేదమ్మా" అని చెప్పడంలోనే సగం పెంపకం ఉంది. సొంతిల్లు వచ్చేదాకా ఆ పాఠాన్ని వాయిదా వెయ్యకండి.